తొమ్మిదింటికి ఫోన్ ఆపేస్తున్నాను మామా

ఒరేయ్ మామా,

మొన్న రాత్రి పదిన్నరకు చేస్తే ఎత్తలేదని నొచ్చుకున్నావట. ఫోన్ ఆపేసి ఉందిరా. ఈ మధ్య రోజూ తొమ్మిదింటికల్లా ఆపేసి ఫ్రిజ్ మీద పెట్టేస్తున్నా. ఎందుకో నీకు చెప్పాలి. మాటల్లో చెబుతుంటే గొంతు పూడుకుపోతోంది, అందుకే రాస్తున్నా.

నేను సొంతంగా ఈ పీర్ సపోర్ట్ పని, అంటే జబ్బు పడి లేచినవాడు తోటివాళ్లకు తోడుండే పని, మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. బైపోలార్ అనే మానసిక జబ్బుతో ఆస్పత్రి దాకా వెళ్లొచ్చినవాణ్ణి కాబట్టి, అదే బాధలో ఉన్నవాళ్ల పక్కన కూర్చోగలను అనుకున్నా. మొదట్లో నాకున్నది ఒక్కటే నియమం, ఎవరు ఎప్పుడు చేసినా ఎత్తాలి. నా చెడ్డ రోజుల్లో అర్ధరాత్రి నా ఫోన్ ఎత్తింది నువ్వొక్కడివే కదా. నీలా ఉండాలనుకున్నా.

మార్చిలో ఒక కుర్రాడు వచ్చాడు. అతని వివరాలు నీక్కూడా చెప్పను. రాత్రి పదకొండుకి మెసేజ్ పెట్టేవాడు, ఒంటిగంట దాకా మాట్లాడుకునేవాళ్లం. తర్వాత రెండైంది, మూడైంది. మూడు వారాలు అలాగే నడిచింది. నాకు అలసట రాలేదు మామా, భయపడాల్సింది అక్కడే. నిద్ర చెడితే మాలాంటివాళ్లకు మేనియా, అంటే అదుపు తప్పిన హుషారు, తిరగబెడుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను రోజూ చెప్పేదే అది. ఒకరోజు తెల్లవారుజామున మూడున్నరకు వంటింట్లో పప్పు డబ్బాలకు కాగితాలు అంటిస్తూ కూర్చున్నా. కందిపప్పు, మినప్పప్పు, పచ్చిశనగపప్పు, ఒక్కోదాని మీద కొన్న తేదీ కూడా. మా ఆవిడ లేచి వచ్చి చూసింది. ఏమీ అడగలేదు. నా చేతిలో స్కెచ్ పెన్ను తీసి మూత పెట్టి, "పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్దామండీ" అంది.

నేను వాడే లిథియం మందు ఒంట్లో ఎంతుందో రక్తపరీక్ష చేయించి, మందులు మార్చారు. పన్నెండు రోజులు ఫోన్ ముట్టుకోలేదు. తర్వాత తెరిచి చూస్తే ఆ కుర్రాడి మెసేజ్‌లు వరసగా ఉన్నాయి. మొదటివి పొడుగ్గా, రానురాను చిన్నగా. చివరిది, "అన్నా, నేనేమైనా తప్పు చేశానా?"

ఆ మాట చదివి ఏడ్చానురా. ఎప్పుడూ ఉంటానని నమ్మించి, చెప్పాపెట్టకుండా మాయమయ్యాను. మొదటిరోజే "తొమ్మిది తర్వాత ఉండను" అని చెప్పి ఉంటే అతను ఆ పన్నెండు రోజులు తనని తాను తిట్టుకుంటూ గడిపేవాడు కాదు. అప్పుడే వేరే దారి చూపించి ఉండేవాణ్ణి.

అప్పుడు కూర్చుని ఒక పేజీ రాశాను, తెలుగులోనే. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు టీ ఇచ్చి, ఆ పేజీ కలిసి చదువుతాం. పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు దాకా పని. ఆదివారం సెలవు. మెసేజ్‌కి ఒక రోజులోపు జవాబిస్తాను, మెసేజ్‌లోనే గంటలకొద్దీ మాట్లాడను. రాత్రిపూట ప్రాణం మీదికొస్తే 108 లేదా 112. మాట్లాడే మనిషి కావాలంటే టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్, 14416. 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్లు నా ముందే వాళ్ల ఫోన్‌లో సేవ్ చేయిస్తా.

రాయడానికి అన్నిటికంటే కష్టమైంది ఇంట్లోవాళ్ల సంగతి. తల్లులు ఫోన్ చేసి "మావాడు ఏమంటున్నాడు బాబూ" అని అడుగుతారు. వాళ్ల గొంతు వింటే చెప్పేయాలనిపిస్తుంది. చెప్పను. నా దగ్గరికి వచ్చినవాళ్లకు ప్రమాదం అనిపిస్తే మాత్రం చెబుతాను, ఎవరికి చెప్పాలో మొదటిరోజే వాళ్లనే రాయమంటాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మనిషి తన తరఫున మాట్లాడేందుకు ఒకరిని తానే ఎంచుకునే హక్కు ఉంది, నాకీ ఆలోచన అక్కడినుంచే వచ్చింది. కొందరు అమ్మ పేరు రాస్తారు. ఒకరు వాళ్ల ఆఫీసు సెక్యూరిటీ గార్డు పేరు రాశారు. నేను ఎందుకని అడగలేదు.

మందుల గురించి అసలు మాట్లాడను. "నువ్వు వాడేదెంత అన్నా, నేనూ తగ్గించనా?" అంటే, డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలు ఇద్దరం కలిసి కాగితం మీద రాస్తాం, అంతవరకే. అప్పులివ్వను, తీసుకోను. పటమట రైతుబజార్‌లో ఎదురుపడితే ముందుగా నేను పలకరించను. పక్కన ఎవరున్నారో, నేనెవరని వాళ్లకు ఏం చెప్పుకోవాలో, వాళ్ల ఇష్టం. వాళ్లు పలకరిస్తే హాయిగా మాట్లాడతా.

ఇక డబ్బు. "తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో 1935 నుంచీ ఫీజు లేదు, నువ్వెందుకు తీసుకుంటావ్?" అన్నావు. చాలారోజులు ఆలోచించాను. అక్కడ ఒకడు అలిసిపోతే గదిలో ఇంకో పదిమంది ఉంటారు. నాకు గది లేదు, నేనొక్కణ్ణే. పదిహేను రోజులకోసారి ఒక కౌన్సెలర్ అక్కకు ఫీజు కట్టి నా బరువు దించుకుంటున్నా, ఎవరి పేర్లూ చెప్పకుండా. అందుకే గంటకు 500 రూపాయలు తీసుకుంటా, వారంలో రెండు గంటలు మాత్రం ఇవ్వలేనివాళ్లకి ఊరికే. రాలేకపోతే ముందురోజు చెప్పాలి. చెప్పకుండా మానేస్తే మొదటిసారి ఏమీ లేదు, రెండోసారి సగం ఫీజు. మంచం దిగలేని రోజు ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి మొదటిసారికి ఆ వెసులుబాటు పెట్టాను.

ఆ కుర్రాడికి ఫోన్ చేసి క్షమించమన్నా. ఏం జరిగిందో దాచకుండా చెప్పా. రావడానికి నెల పట్టింది. పేజీ రెండుసార్లు చదివాడు, ఆదివారం దగ్గర వేలు పెట్టి "నిజంగా సెలవేనా?" అన్నాడు. అవునన్నా. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు గురువారాలు వస్తున్నాడు.

నీకు మాత్రం ఈ పేజీ వర్తించదు. తొమ్మిది దాటాక నీకు మనసు బాగోకపోతే మా ఆవిడ నంబర్‌కి చెయ్యి, అది ఆన్‌లోనే ఉంటుంది. నన్ను లేపమని తనకి చెప్పా.

నీ
మామ