అనుభవం: నిల్
రక్షణ శాఖ మంత్రి గారికి ఒక మాజీ మేజర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను సైన్యానికి రేషన్, సరుకులు అందించే ఆర్మీ సర్వీస్ కోర్‌లో పదేళ్ళు పనిచేసి 2019లో బయటికి వచ్చాను. చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పొందిన షార్ట్ సర్వీస్ అధికారిని, అంటే కొన్నేళ్ళ గడువుకే తీసుకున్న అధికారిని. ఇప్పుడు విజయనగరం జిల్లాలో మా ఊళ్ళోనే చిన్న మిల్లు పెట్టుకుని చోడి (రాగి) పిండి, సామ నూక, గంటె (సజ్జ) పిండి చేసి అమ్ముతున్నాను. మా దగ్గర ఐదుగురు పనిచేస్తున్నారు, అందరూ ఆడవాళ్ళే.

మిల్లు కోసం లోన్‌కి వెళ్ళిన రోజు సంగతి మీకు చెప్పాలి. కాగితాలు చూసిన బ్యాంకు ఆఫీసర్ మర్యాదగానే అడిగారు, "మీ ఆయన ఆర్మీలో ఏ ర్యాంకండీ?" అని. ఆయన కాదు, నేనే అన్నాను. అయితే పెన్షన్ ఆర్డర్ నంబరు ఇవ్వమన్నారు. షార్ట్ సర్వీస్ వాళ్ళకు పెన్షన్ ఉండదని చెప్పడానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత ఫారంలో 'ఈ రంగంలో అనుభవం' అనే గడి దగ్గర ఆగి, నన్నేమీ అడక్కుండానే 'నిల్' అని రాశారు. ర్యాంకు గురించి అడిగినందుకు నేను బాధపడలేదు. ఆ ఒక్క మాటకి మాత్రం చాలా బాధపడ్డాను.

ఎందుకో చెప్తాను. లద్దాఖ్‌లోని లేహ్‌లో నా పని రేషన్. చలికాలంలో మంచు పడి జోజిలా కనుమ దారి మూసుకుపోతే లారీలు రావు. అందుకే ఆరు నెలల సరుకంతా ఎండాకాలంలోనే ఎక్కించి, దించి, నిల్వ చేయాలి. దాన్నే అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటాం. ఏ బస్తా ముందు వచ్చింది, దేన్ని ముందు బయటికి తీయాలి, ఏ లాట్‌లో తేమ ఎక్కువుంది, ఇదంతా రోజూ చూసేదాన్ని. పిండి బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, పిడికెడు తీసి వాసన చూసి, అనుమానం వస్తే ఆ లాట్‌ని పక్కన పెట్టించేదాన్ని. జనవరిలో పైన పోస్టులో ఉన్న జవానుకి ముక్కిన పిండి వెళ్తే, అక్కడ దాన్ని మార్చిచ్చే వాళ్ళెవరూ ఉండరు.

ఈరోజు మా మిల్లులో చేసేది కూడా అదే పని. చోళ్ళు కడిగి ఆరబెట్టి, రాళ్ళేరే మెషీన్‌లో వేసి మర పడతాం. మర నుంచి వచ్చిన పిండిని వేడి మీదే సంచిలో కట్టేస్తే నెల తిరిగేసరికి ముక్కిపోతుంది. అందుకని పరిచి చల్లారబెట్టాకే ప్యాక్ చేస్తాం. ఆ జాగ్రత్త నాకు సైన్యం నేర్పింది. అలాంటప్పుడు అనుభవం నిల్ ఎలా అవుతుంది సార్?

గ్రామాల్లో మహిళలకూ, మాజీ సైనికులకూ కేంద్రం స్వయం ఉపాధి పథకం పీఎంఈజీపీ కింద ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ ఉంది. అది నాకు అందింది, కృతజ్ఞతలు. మాజీ సైనికుల పునరావాసం చూసే మీ శాఖలోని డీజీఆర్ పథకాలు మాత్రం నాలాంటి వాళ్ళకు దూరంగానే ఉన్నాయి. బొగ్గు రవాణా, సెక్యూరిటీ ఏజెన్సీలు, ఢిల్లీ చుట్టుపక్కల సీఎన్‌జీ స్టేషన్లు, పాల బూత్‌లు... వీటిలో ఏది పట్టుకుని సాలూరు దగ్గర ఒక ఆడమనిషి వ్యాపారం మొదలుపెట్టాలి?

2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్, అంటే రిటైర్మెంట్ దాకా సర్వీసులో కొనసాగే అవకాశం ఇవ్వాలని తీర్పు ఇచ్చింది. అప్పటికి సర్వీసులో ఉన్నవాళ్ళకు న్యాయం జరిగినందుకు మనస్ఫూర్తిగా సంతోషించాను. అంతకు ముందే బయటికొచ్చిన వాళ్ళం మా కాళ్ళ మీద మేమే నిలబడాలి. నిలబడుతున్నాం కూడా. నేనడిగేది పెన్షన్ కాదు.

రిలీజ్ ఆర్డర్‌తో పాటు, సర్వీసులో మేం చేసిన పని ఏమిటో బయటి వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో ఒక కాగితం ఇప్పించండి. గోదాముల నిర్వహణ, ఆహార నాణ్యత పరీక్ష, రవాణా, ఎన్నేళ్ళు, ఎంత బాధ్యత, అన్నీ అందులో ఉండాలి. దాన్ని అనుభవంగా లెక్కించమని ఆర్థిక శాఖతో మాట్లాడి బ్యాంకులకు స్పష్టంగా చెప్పించండి. అగ్నివీరులకు నైపుణ్య సర్టిఫికెట్ ఇస్తామన్నారు, మంచిదే. అది బ్యాంకు కౌంటర్ దగ్గర చెల్లాలి. నేవీ తొలి బ్యాచ్‌లో 273 మంది ఆడపిల్లలు మాకు దగ్గర్లోనే, ఒడిశాలోని చిల్కాలో శిక్షణ పొందారు. నాలుగేళ్ళయ్యాక బయటికొచ్చే వాళ్ళకు పెన్షన్ ఉండదు, మాజీ సైనికులన్న హోదా కూడా ఉండదు. బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సేవానిధి డబ్బుతో ఏదో ఒకటి మొదలుపెడదామని వెళ్తే, వాళ్ళ ఫారంలో కూడా 'నిల్' అనే రాస్తారేమోనని నా భయం.

ఇంకొక్క మాట. 2023లో సైన్యం రేషన్‌లోకి మళ్ళీ చిరుధాన్యాల పిండి తెచ్చారు. బియ్యం, గోధుమ పిండి కోటాలో 25 శాతం దాకా వాటి బదులు ఇవ్వొచ్చన్నారు. ఆ వార్త చదివిన రోజు మా మిల్లులో అందరికీ స్వీట్లు పంచాను. పెద్ద మిల్లులతో టెండర్లలో పోటీపడే శక్తి మాకు లేదు. దగ్గరి యూనిట్లకు సరిపడా చిన్న లాట్‌లు విడిగా పిలిస్తే మాలాంటి వాళ్ళం ఇవ్వగలం. పరీక్షలో మాత్రం రవ్వంత సడలింపు కూడా వద్దు. తేమ ఎక్కువుంటే మా బస్తా కూడా వెనక్కి పంపండి.

ప్యాకింగ్ మెషీన్ కోసం రెండో లోన్ ఫారం నింపుతున్నాను. అన్నీ రాశాను, అనుభవం గడి తప్ప. వచ్చే నెల మొదటి వారంలో బ్యాంకుకి వెళ్ళాలి.

జై హింద్.

ఇట్లు,
ఒక మాజీ మేజర్, ఆర్మీ సర్వీస్ కోర్
విజయనగరం జిల్లా