జిల్లా పేజీలో ప్రశ్న నంబరు కూడా అచ్చు వేయండి

సంపాదకులకు,
నమస్కారం.

అసెంబ్లీ సమావేశాలు మొదలైతే మీ మొదటి పేజీ నిండా వాకౌట్లు, సస్పెన్షన్లు, స్పీకర్ పోడియం దగ్గర నినాదాలే. అవి వార్తలే, వేయొద్దని అనడం లేదు. కానీ జనగామ నుంచి ములుగు దాకా ఉమ్మడి వరంగల్ జిల్లాలోని పన్నెండు నియోజకవర్గాలకు సంబంధించి ఆ రోజు సభలో ఏం నమోదైందో జిల్లా పేజీలో దొరకదు. ‘అసెంబ్లీలో గళమెత్తిన ఎమ్మెల్యే’ అని ఫొటోతో నాలుగు వాక్యాలు పడతాయి. ఆ గళం వినపడింది మంత్రి సభలో లేచి జవాబు చెప్పే నక్షత్ర గుర్తు ప్రశ్నలోనా, సభ్యులు తమ సమస్యలు క్లుప్తంగా ప్రస్తావించే జీరో అవర్‌లోనా, శాఖల ఖర్చు కేటాయింపులైన పద్దుల చర్చలోనా? ఆ సంగతి రాయకపోతే ఆ వార్త పట్టుకుని పాఠకుడు ఏ ఆఫీసుకూ పోలేడు.

జీరో అవర్‌లో సభ్యుడికి దొరికేది ఒకటి రెండు నిమిషాలు. మంత్రి అప్పటికప్పుడు జవాబు చెప్పాలన్న నియమం లేదు. ‘నోట్ చేసుకున్నాం’ అంటే ఆ రోజుకు అంతే. నక్షత్ర గుర్తు ప్రశ్న సంగతి వేరు. దానికి నంబరు ఉంటుంది, జవాబు చెప్పాల్సిన శాఖ పేరు ఉంటుంది, అచ్చయిన జవాబు ఉంటుంది. దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. నక్షత్ర గుర్తు లేనిదానికి లిఖితపూర్వక జవాబు వస్తుంది కానీ లేచి మళ్లీ అడిగే వీలు లేదు. ఇక మిగతా పని ఆపి ఒక అత్యవసర విషయం చర్చించాలంటూ ప్రతిపక్షాలు ఇచ్చే వాయిదా తీర్మానాలను స్పీకర్ తిరస్కరించడం మామూలుగా జరిగేదే. దానికిచ్చే జాగాలో సగం ప్రశ్నల పట్టికకు ఇచ్చినా చాలు.

ప్రశ్న ప్రయాణం ఎలా ఉంటుందో చెప్తే జవాబు ఎందుకు అంత పలుచగా వస్తుందో అర్థమవుతుంది. సభ్యుడు నోటీసు ఇస్తాడు. స్పీకర్ అనుమతిస్తే అది శాఖకు చేరి, అక్కడి నుంచి కిందికి దిగుతుంది. చెరువు గురించి అయితే సచివాలయం నుంచి ఇంజనీర్ల మెట్లన్నీ దిగుతూ ఈఎన్‌సీ, సీఈ, ఎస్‌ఈ, ఈఈ, డీఈ మీదుగా ఆఖరికి అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ) బల్ల మీదికి వస్తుంది. ఆఫీసుల్లో దీన్ని ‘ఎల్‌ఏక్యూ’ (లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్) అంటారు. ఆ మాట వినపడిందంటే మిగతా ఫైళ్లన్నీ పక్కకు పోతాయి. ఏఈ రాసిన సమాచారం మళ్లీ అవే మెట్లెక్కి పైకి పోతుంది, మెట్టు మెట్టుకూ కొంత కుదించుకుపోతుంది. ‘ఎడమ తూము షట్టర్ తుప్పు పట్టి విరిగింది, నీళ్లు ఆగడం లేదు, ఫలానా తేదీన అంచనా పంపాం’ అని కింద రాసిన ముక్క, సభలోకి వచ్చేసరికి ‘ప్రతిపాదనలు పరిశీలనలో ఉన్నాయి’ అయిపోతుంది.

ఇందులో ప్రతిసారీ ఎవరి దురుద్దేశమో ఉందని కాదు. అన్ని జిల్లాల సమాచారాన్నీ మంత్రి సభలో చదవగలిగేంత చిన్నగా చేయాలి కదా. తీసేసిన వివరాలు పూర్తిగా పోవు. అనుబంధ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మంత్రి చేతికిచ్చే సప్లిమెంటరీల నోట్‌లో ఉంటాయి. ఎంత మంజూరైంది, బిల్లు ఎక్కడ ఆగింది, కాంట్రాక్టర్‌కు ఎన్నిసార్లు గడువు పెంచారు, అంతా అందులో రాసి ఉంటుంది. కానీ ఆ నోట్ సభ్యుల బల్లల మీదికి రాదు. అందులో ఉన్నది బయటికి రావాలంటే ఎవరో ఒకరు లేచి సరైన అనుబంధ ప్రశ్న వేయాలి.

గొడవలతో ప్రశ్నోత్తరాల సమయం కొట్టుకుపోతే జరిగే అసలు నష్టం అక్కడే ఉంది. ఆ రోజు పిలవని ప్రశ్నలకు కూడా జవాబులు సభ ముందు ఉంచినట్లే లెక్క, కాబట్టి అచ్చు జవాబు ఎక్కడికీ పోదు. పోయేది అనుబంధ ప్రశ్న. నోట్ మళ్లీ ఫైల్లోకి పోతుంది. ‘ప్రశ్నోత్తరాలు రద్దు’ అని మీరు ఒక్క ముక్కలో రాసిన రోజున కూడా మన జిల్లాల మీద అచ్చయిన జవాబులు ఉండొచ్చు. విలేకరి ఆ కాగితం తెచ్చుకుంటే చాలు, అందులో వార్త ఉంటుంది.

ఇక ప్రశ్న రాసే తీరు. సగం ప్రశ్నలు వాక్య నిర్మాణం దగ్గరే ఓడిపోతాయి. అలవాటుగా రాసే నమూనా ఇది: ‘అ) ఫలానా చెరువు తూము పాడైపోయిన మాట వాస్తవమేనా? ఆ) అయితే, మరమ్మతుకు ఎంత మంజూరు చేశారు? ఇ) పని ఎప్పటికి పూర్తవుతుంది?’ రికార్డులో ఆ తూము ‘పాక్షికంగా దెబ్బతిన్నది’ అని ఉందనుకోండి. అప్పుడు జవాబు: ‘అ) లేదండి. ఆ), ఇ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.’ అది అబద్ధం కాదు, అలాగని జవాబూ కాదు. ‘వాస్తవమేనా’ అన్న ఒక్క మెలిక మీద మిగతా రెండు భాగాలూ ఆధారపడ్డాయి, అది తెగగానే రెండూ కూలాయి. అదే ప్రశ్నను ‘అ) ఫలానా చెరువు తూము మరమ్మతుకు గత మూడేళ్లలో ఏ ఏడాది ఎంత ఖర్చు చేశారు? ఆ) తాజా అంచనాను ఏ తేదీన, ఏ కార్యాలయానికి పంపారు? ఇ) అది ప్రస్తుతం ఏ స్థాయిలో ఉంది?’ అని రాస్తే దేనికదే నిలబడుతుంది. ఒకదానికి ‘లేదు’ అని వచ్చినా మిగతా రెంటికీ తేదీయో, అంకెయో రాయక తప్పదు.

కేంద్రం పరిధిలోని అంశాల్లోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న బయ్యారం ఉక్కు కర్మాగారం విషయమే తీసుకోండి. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో ఉన్నది నాటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను పరిశీలించాలన్న మాట. ‘బయ్యారం ఎప్పుడు కడతారు’ అని అసెంబ్లీలో అడిగితే ‘కేంద్రం పరిధిలోని అంశం’ అనే జవాబే వస్తుంది. రాష్ట్రం ఏ తేదీల్లో లేఖలు రాసింది, వాటికి ఏం జవాబు వచ్చింది, రాష్ట్రం తన వంతుగా ఇవ్వాల్సిన సమాచారం ఇచ్చిందా, ఇలా అడిగితే మంత్రి తప్పించుకోలేరు. కాజీపేట రైల్వే యూనిట్‌దీ అదే తీరు. రైళ్లు కేంద్రానివి, భూమి అప్పగింత రాష్ట్రానిది. భూమి అప్పగించక ముందు సభలో అడగాల్సింది దాని గురించే.

గ్రామ సంఘాలు, రైతు సంఘాలు సమావేశాల ముందు ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇస్తుంటాయి. రెండు పేజీల ఆవేదన కన్నా ఒక చిన్న కాగితం ఎక్కువ పని చేస్తుంది. ఊరు, మండలం, శాఖ, జీవో ఉంటే దాని నంబరు, తేదీ, మంజూరైన మొత్తం, ఇప్పటిదాకా జరిగిన పని, ఆగిన చోటు, ఇవి రాస్తే చాలు. దాన్ని ప్రశ్నగా మార్చడం ఎమ్మెల్యే పీఏకు పది నిమిషాల పని. కోర్టు విచారణలో ఉన్న విషయం, ఊహ మీద ఆధారపడిన ప్రశ్న, ఒకరి వ్యక్తిత్వం మీద ఆరోపణ అనుమతి దగ్గరే ఆగిపోతాయి. సభ తేదీలు ఖరారయ్యాక హడావిడిగా ఇస్తే నోటీసు గడువు దాటిపోతుంది, కాబట్టి ముందుగానే ఇవ్వాలి. ఈ నాలుగు ముక్కలు మీ జిల్లా పేజీలో ఒక్కసారి అచ్చయినా ఎంతో మందికి ఉపయోగం.

బడ్జెట్ సమావేశాలప్పుడు మరో కొరత కనిపిస్తుంది. 2025-26కు 3,04,965 కోట్ల బడ్జెట్ అని అందరం పెద్దక్షరాల్లో చదివాం. ఆ తర్వాత శాఖలవారీగా పద్దులు సభ ముందుకు వస్తాయి. పద్దు మీద కోత తీర్మానం పెట్టొచ్చు. నూరు రూపాయలు తగ్గించాలని పెట్టే తీర్మానం డబ్బు మిగల్చడానికి కాదు, ఒక నిర్దిష్టమైన ఫిర్యాదును చర్చకు తేవడానికి. ఆ అవకాశానికి టైమ్ కావాలి, దొరకనిదల్లా అదే. 2024 జూలై 29 ఉదయం మొదలైన సభ మరుసటి తెల్లవారుజామున మూడు దాటేదాకా నడిచి, ఆ ఒక్క విడతలోనే 19 పద్దులను ఆమోదించింది. సభ్యులు అంతసేపు కూర్చున్నందుకు మెచ్చుకోవాలి. కానీ అర్ధరాత్రి దాటాక ఒక శాఖ ఖర్చు మీద జరిగిన చర్చ మరునాటి పత్రికలో రాదు, ఎందుకంటే జిల్లా ఎడిషన్ అప్పటికే ప్రెస్సుకు పోయి ఉంటుంది. అది ఆ తర్వాతి రోజైనా రావాలి, రాదు. ఇక గడువు ముగిసేసరికి చర్చకు నోచుకోని పద్దులుంటే వాటన్నిటినీ ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు. దాన్నే గిలెటిన్ అంటారు. కేరళలో పద్దులను సబ్జెక్టు కమిటీలు ముందే పరిశీలిస్తాయి. పార్లమెంటులో 1993 నుంచి శాఖల స్థాయీ సంఘాలు ఆ పని చేస్తున్నాయి. మన శాసనసభలో ప్రతి పద్దూ అలా ఒక కమిటీ చేతుల మీదుగా రావాలని మీ సంపాదకీయం ఒకసారి గట్టిగా అడిగితే బాగుంటుంది.

కేటాయింపుల వార్త రాసే విలేకరులకు ఒక విన్నపం. బడ్జెట్ పుస్తకంలో ఒక్క అంకె ఉండదు, వరసగా గడులుంటాయి: రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు, నడుస్తున్న ఏడాది అంచనా, దాని సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. మనం చివరి గడినే అచ్చు వేస్తున్నాం. మొదటి గడి చూడండి. వంద కోట్లు రాసి పది కోట్లు ఖర్చు పెట్టిన పథకానికి మళ్లీ వంద కోట్లు రాస్తే, ‘భారీగా నిధులు’ అన్న శీర్షిక పాఠకుడిని తప్పుదోవ పట్టిస్తుంది. దేవాదుల ఎత్తిపోతల పథకం గురించైనా, వరంగల్ నగరంలో తలపెట్టిన ఆసుపత్రి గురించైనా ఆ గడులు పక్కపక్కన వేస్తే వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

సభా సమక్షంలో ఉంచే పత్రాలనైతే ఎవరూ పట్టించుకోరు. ఎజెండాలో ఒక్క వరుసలో ఉంటాయి, మంత్రి లేచి ‘ఉంచుతున్నాను’ అంటారు, అర నిమిషంలో అయిపోతుంది. ప్రభుత్వ కంపెనీ వార్షిక నివేదికను ఆడిట్ వ్యాఖ్యలతో సహా శాసనసభ ముందు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెప్తుంది. హనుమకొండలో ప్రధాన కార్యాలయం ఉన్న ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థకు కూడా ఇది వర్తిస్తుంది. ఉత్తర తెలంగాణలో కరెంటు బిల్లు కట్టే ప్రతి ఇంటికీ అందులోని నష్టాలు, బకాయిల లెక్కతో పని ఉంది. ప్రభుత్వ లెక్కలను ఆడిట్ చేసే కాగ్ నివేదికలదీ ఇదే దారి. రాజ్యాంగం 151వ అధికరణం వాటిని శాసనసభ ముందు ఉంచాలంటుంది కానీ ఎన్ని రోజుల్లోనో చెప్పదు. అందుకే అవి తరచూ సమావేశాల ఆఖరి రోజుల్లో వస్తాయి, చర్చకు టైమ్ ఉండదు. కాళేశ్వరం మీద కాగ్ నివేదిక సభ ముందుకు వచ్చింది 2024 ఫిబ్రవరి 15న. ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగింది అంతకు ముందు అక్టోబరులో. అది భూపాలపల్లి జిల్లా సంగతి. అలాంటి నివేదికను రాజధాని డెస్కుకే వదిలేయకుండా మీ వరంగల్ యూనిట్‌లో ఒకరు కూర్చుని చదవాలి.

బిల్లుల విషయంలో ఒక్క మాట. ‘సభ ఆమోదించింది’ అన్న రోజునే జనం చట్టం వచ్చేసిందనుకుంటున్నారు. గవర్నర్ ఆమోదం, గెజిట్, అమలు తేదీ, నిబంధనలు, ఇన్ని మెట్లున్నాయి. 2025 మార్చిలో ఉభయ సభలు ఆమోదించిన బీసీ రిజర్వేషన్ల బిల్లులు రాష్ట్రపతి ఆమోదం కోసం పోవాల్సి వచ్చింది. ఏ బిల్లు ఏ మెట్టు మీద ఉందో వార్తలోనే ఒక వాక్యం ఉండాలి.

నేను అడుగుతున్నది సభ నడిచే రోజుల్లో వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ పేజీల్లో ఒక చిన్న కాలమ్. ప్రశ్న నంబరు, తేదీ, అడిగిన సభ్యుడు, శాఖ, మంత్రి జవాబులోని అసలు వాక్యం మార్పు లేకుండా, అనుబంధ ప్రశ్నలకు చెప్పిన అంకెలు, అంతే. నంబరు ఎందుకంటే, దాన్ని పట్టుకుని ఎవరైనా సమాచార హక్కు దరఖాస్తులో ఆ జవాబుకు ఆధారమైన ఫైలు అడగొచ్చు. నంబరు లేకపోతే ‘ఏ సమాచారమో స్పష్టత లేదు’ అని దరఖాస్తు తిరిగొచ్చే ప్రమాదముంది.

కాలమ్ కింద రెండు వరుసలు హామీలకు వదలండి. ‘పరిశీలిస్తాం’, ‘విచారణ జరిపి సభకు తెలియజేస్తాం’ వంటి మాటలను పార్లమెంటు హామీలుగానే లెక్కిస్తుంది. వాటిని తీర్చడానికి లోక్‌సభలో పెట్టుకున్న గడువు మూడు నెలలు. మన శాసనసభకూ ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. మంత్రి మాట ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలలు లెక్కపెట్టి, ఆ రోజున అదే ప్రశ్న నంబరుతో ‘పని అయింది’ లేదా ‘కాలేదు’ అని అచ్చు వేయండి. వచ్చే సమావేశాల మొదటి రోజు నుంచే ఇది మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ