గేదె పోయిన పూటే పని మొదలెట్టాలి

విజయనగరం,
సెప్టెంబరు నెలాఖరు

ఏరా బావా,

ఎలగున్నావు? ఉద్దానంలో వానలు పట్టాయన్నావు. తుపానుకి గేదె చచ్చిపోతే సర్కారు డబ్బు ఎలా వస్తుందని మీ అన్నయ్య అడుగుతున్నాడట కదా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. అంటే మనకు ఎన్నో రోజుల్లేవు.

ముందు లెక్క చెబుతాను. 2022–26కి కేంద్రం వేసిన పట్టికలో పాడి గేదెకైనా ఆవుకైనా 37,500 రూపాయలు, దుక్కిటెద్దుకి 32,000, దూడకి 20,000, గొర్రెకీ మేకకీ 4,000. ఇంటికి 3 పాడి పశువులు, లేదా 30 గొర్రెలూ మేకలూ వరకే. అయిదు గేదెలు కొట్టుకుపోయినా మూడింటికే ఇస్తారు. కోడికి 100, ఇంటికి మొత్తం 10,000 దాటదు. ఇంటిని ఆనుకున్న పశువుల సాల కూలితే 3,000. రాష్ట్రం ఒక్కోసారి దీనిమీద పెంచుతుంది. 2024 సెప్టెంబరు వరదలప్పుడు పాడి పశువుకి 50,000 ప్రకటించింది. కానీ అది ఆ వరదకిచ్చిన మాట, ప్రతిసారీ వస్తుందని నమ్ముకోవద్దు.

అసలు డబ్బు పోయేది మొదటి రోజే, బావా. కళేబరం వాసనొస్తోందని తెల్లారకముందే పూడ్చేస్తారు, తర్వాత కాగితాలకి తిరుగుతారు. చూసినవాడు లేకపోతే రాసేవాడూ ఉండడు. పశువు పోయిన పూటే రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడికీ వీఆర్వోకీ చెప్పాలి. పశువుల డాక్టరు వచ్చి పోస్టుమార్టం చేస్తారు, వీఆర్వో పంచనామా రాస్తారు. తహసీల్దారు నివేదిక పైకి వెళ్తుంది. నీట మునిగి చచ్చిందో లేదో తేల్చేది శ్వాసనాళంలో నురగ, బురద. మన ఉక్కకి ఒక్క రోజు దాటితే ఒళ్లు ఉబ్బి, కుళ్లి, ఆ గుర్తులు చెరిగిపోతాయి. అప్పుడు డాక్టరు 'కారణం తెలియదు' అని రాయక తప్పదు, ఆ ఒక్క మాటతో దరఖాస్తు ఆగిపోతుంది. దారులు తెగి ఎవరూ రాలేకపోతే కనీసం ఫొటోలు తీయమను: పశువు మొత్తం ఒకటి, చెవి ట్యాగు నంబరు కనబడేలా దగ్గరగా ఒకటి, యజమానితో కలిపి ఒకటి. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి తీయాలి. ఊళ్లో ఇద్దరు సాక్షులుండాలి. ఆ తర్వాతే నూతికీ గెడ్డకీ దూరంగా ఆరడుగుల గొయ్యి తీసి, సున్నం జల్లి పూడ్చాలి.

వరద తీశాక వారానికి గొంతువాపుతో చస్తే ఇది రాదు, అది రోగం కింద పోతుంది. టీకా ముందే వేయించుకోవడమే దారి. 2022–26కి కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో పిడుగు లేదు. స్థానిక విపత్తులకి రాష్ట్రం తన విపత్తు నిధిలో 10 శాతం దాకా వాడుకోవచ్చు, ఆ వైపు నుంచి రావాలి. కాబట్టి పిడుగుపాటుకి పోయినా పంచనామా మానొద్దు.

ఇంకోటి, ఇది చాలామంది చూసుకోరు. సంతలో కొన్న గేదె చెవికి పన్నెండంకెల ట్యాగు ఉంటుంది గానీ, ఆన్‌లైన్లో పాత యజమాని పేరే ఉండిపోతుంది. డబ్బు అడిగిన పేరు ఒకటి, రికార్డులో పేరు ఒకటి అయితే నెలలు తిరగాలి. రైతు సేవా కేంద్రంలో అడిగి పేరు మార్పించుకోవాలి. తాడు రాసుకుని ట్యాగు ఊడిపోయినా ఇదే తంటా, మళ్లీ వేయించాలి. బ్యాంకు ఖాతా కూడా ఆధార్‌కి జోడించి వాడుకలో ఉండాలి. వాడక నిలిచిపోయిన ఖాతాకి వేసిన డబ్బు వెనక్కి పోతుంది.

గొర్రెల మందతో ఊళ్లు తిరిగే మీ మావయ్యకీ చెప్పు: ఏ ఊళ్లో చస్తే ఆ ఊరి వీఆర్వోకే అక్కడే చెప్పాలి. సొంతూరు వచ్చాక చెబితే ఎవరూ రాయలేరు.

అన్నయ్యని ఈ ఆదివారమే ఒక్కో గేదె చెవీ తడిమి చూసి, నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసి నాకు పంపమను. ఎవరి పేరున ఉన్నాయో ఇక్కడ కనుక్కుని చెబుతాను.

నీ బావ