తాబేళ్లు చచ్చాక వచ్చే వేట నిషేధం: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం. మీదీ మన శ్రీకాకుళం జిల్లాయే కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వస్తాను. మాది బారువ పక్కన ఊరు.

మొన్న ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే వెళ్తే, తెప్పలు లాగే చోటుకి కాస్త అవతల ఒక ఆలివ్ రిడ్లే తాబేలు పడి ఉంది. డిప్ప మీద చిన్న గీత కూడా లేదు. మెడ వాచిపోయింది, కళ్లు అప్పటికే కాకులు పొడిచేశాయి, కుక్కలు లాగిన చోట గుడ్లు కనిపిస్తున్నాయి, తెల్లగా, పింగ్‌పాంగ్ బంతుల్లా. "ఇది దెబ్బ తగిలి చావలేదురా, ఊపిరాడక చచ్చింది" అన్నాడు మా చిన్నాన్న. తాబేలు చేప కాదు కదా, గాలి కోసం పైకి రావాల్సిందే, మరబోట్లు వెనక ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో చిక్కి నీళ్ల అడుగున అలా ఈడ్చుకుపోతుంటే ఎంతసేపని ఓర్చుకుంటుంది?

ఒక ఆఫీసుకి ఫోన్ చేస్తే అది మా పని కాదన్నారు. ఇంకో ఆఫీసు వాళ్లు ఫొటో వాట్సాప్ చేయమన్నారు. చేశాను. బ్లూ టిక్ పడింది. సాయంత్రం దాకా చూసి మేమే గొయ్యి తీసి పాతేశాం.

ఆ తర్వాత నుంచి తాబేళ్ల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. 2021 మార్చిలో ఒడిశాలోని గహీర్‌మఠ దగ్గర శాస్త్రవేత్తలు ఒక తాబేలుకి 03233 అని నంబరు బిళ్ల వేశారు. అది 2025 జనవరిలో మహారాష్ట్రలో, గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది! దాదాపు 3,500 కిలోమీటర్లు. శ్రీలంకను చుట్టి వెళ్లిందో, రామేశ్వరం దగ్గర పాంబన్ సందులోంచి దూరిందో దానికే తెలియాలి. తూర్పు తీరం తాబేళ్లు వేరు, పడమటి తీరం తాబేళ్లు వేరు అన్న లెక్క ఆ ఒక్క బిళ్లతో తిరగబడింది. మా కుర్రాళ్లు గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద కూలికి పోయినట్టే అదీ పోయింది, టికెట్ లేకుండా.

2025 ఫిబ్రవరిలోనే అమెరికా శాస్త్రవేత్తలు ఇంకోటి బయటపెట్టారు. అది వేరే జాతి తాబేలు అనుకోండి. ఒక చోట ఉండే అయస్కాంత క్షేత్రాన్ని తొట్టిలో సృష్టించి అక్కడే తిండి పెడితే, పిల్ల తాబేళ్లు ఆ చోటుని గుర్తుపెట్టుకున్నాయి. మళ్లీ అదే క్షేత్రం తగిలేసరికి తిండి వస్తుందని రెక్కలాడిస్తూ గంతులు వేశాయి. ఇంత తెలిసిన ప్రాణికి ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్రం మారుతుందని మాత్రం తెలియదు.

అక్కడే ఉంది అసలు చిక్కు. సరిహద్దు దాటి కాస్త దూరం వెళ్తే గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు, 2025లో అక్కడ గుడ్లు పెట్టిన తాబేళ్లు దాదాపు 7 లక్షలు. ఒడిశా వాళ్లు నవంబర్ 1 నుంచి మే 31 దాకా అలాంటి చోట్ల తీరానికి 20 కిలోమీటర్ల లోపు వేట ఆపుతారు. మన వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో అయిపోతుంది. అది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టిన 61 రోజులు, దాన్ని తప్పుపట్టను. కానీ మన ఒడ్డుకి తాబేళ్లు ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. అప్పటికి మన నిషేధం మొదలే కాదు.

తెప్పల వాళ్ల వేట కూడా ఆపమని నేను అడగడం లేదు, మా నాన్నదీ తెప్పే. పెద్ద మరబోట్లు 8 కిలోమీటర్ల లోపలికి రాకూడదని రూల్ ఇప్పటికే ఉంది, రాత్రిళ్లు ఎలా వస్తాయో మా ఒడ్డున ఎవరినడిగినా చెప్తారు. మా వలలు రెండుసార్లు చింపుకుపోయాయి. తాబేలుని ముంచేదీ, మా వల తెంపేదీ అవే బోట్లు. ఆ మూడు నెలలైనా ఈ తీరంలో గస్తీ బోటు పెట్టించండి.

ఇంకోటి, టెడ్ (టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్), అంటే వలలో పడ్డ తాబేలుని బయటికి వదిలే పరికరం. వల మెడలో ఏటవాలుగా ఒక ఊచల చట్రం ఉంటుంది, చేపా రొయ్యా ఊచల మధ్య నుంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి కొట్టుకుని పైనున్న సందులోంచి బయటపడుతుంది. మన బోట్లకి సరిపోయేలా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఎప్పుడో తయారుచేసింది. ఇది లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యని ఆపేసింది. ఆ సందులోంచి సరుకు పోతుందని బోటు యజమానులు అంటారు, కొంచెం పోతుంది కూడా, ఆ కొంచెం ఎవరు భరించాలో వాళ్లని కూర్చోబెట్టి తేల్చండి.

ఈసారి ఫిబ్రవరిలో జిల్లాకి వచ్చినప్పుడు ఒక పొద్దున్న బారువ ఒడ్డుకి రండి సార్. ఆరు లోపే రావాలి, ఆ తర్వాత కుక్కలు వచ్చేస్తాయి.

ఇట్లు,
బారువ దగ్గర ఒక తెప్ప ఇంటివాడు