అతుకు గురించి కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారములు.

ఇంట్లోని పాత వస్తువులతో గోడకు కొలాజ్, అంటే ముక్కలు అతికించి కూర్చే పటం, తయారుచేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పెండ్లి పత్రికలు, చీర అంచులు, గుండీలు, పాత ఉత్తరాలు వంటివన్నీ పనికివస్తాయని ఎంతో ఉత్సాహంగా రాసినవారు, వాటిని దేనిమీద, ఏ జిగురుతో అంటించాలన్న విషయాన్ని మాత్రం ఒక్క వాక్యంలో దాటవేశారు. కొలాజ్ అన్న పేరే అంటించడమనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. 1912లో చిత్రకారుడు పికాసో కుర్చీ అల్లిక ముద్రించిన, నూనె పూత పట్టించిన గుడ్డను కాన్వాసుకు అతికించి, చుట్టూ అంచుగా తాడు బిగించినప్పటి నుంచీ ఈ కళలో అతుకు సగం పని.

ఈ మాట అనుభవంతో రాస్తున్నాను. నేను మొదటిసారి చేసిన కొలాజ్‌కు ఇంట్లో ఉన్న మామూలు అట్టను తీసుకొని, మైదా ఉడికించి, అమ్మానాన్నల పెండ్లి ఫోటోను అసలు ప్రతే అతికించి, చెమ్మ పట్టే గోడకు తగిలించాను. ముసురు పట్టిన పది రోజులకు అట్ట విల్లులా వంగింది. దసరాకు దులుపుదామని దించితే మైదా రుచి మరిగిన పురుగులు ఫోటోను అంచుల నుంచి కొరికి ఉన్నాయి. ఆ ఫోటోకు మరో ప్రతి లేదు.

ఒకవైపే కాగితం అతికించిన అట్ట, జిగురు ఆరుతున్నకొద్దీ ఆ వైపుకు లాగుకుపోతుంది. వెనుకవైపు కూడా అంతే మందం గల కాగితాన్ని అతికించి, రాత్రంతా బరువు కింద ఉంచితే వంపు చాలావరకు రాదు. కొంచెం ఖర్చైనా పలుచటి ప్లైవుడ్ తీసుకొని, రెండు వైపులా పూత వేసి ఆరబెట్టడం ఇంకా మేలు. గుడ్డమీద కథలను పటాలుగా చిత్రించే చేర్యాల నకాషీ కళాకారులు గీత గీయకముందే ముతక నూలు గుడ్డకు చింతగింజల గుజ్జు, తెల్లసుద్ద, బంక కలిపి పూతలు పూస్తారు. బొమ్మ నిలిచేది ఆ పూతల మీదే. (వారి పటాలనే కత్తిరించి కొలాజ్‌లో అతికించేవారిని కూడా చూశాను. దయచేసి ఆ పని చేయవద్దు.)

ఫోటోలు, ఉత్తరాలు అసలువి బీరువాలో ఉంచి నకళ్లు వాడాలి. అవి కూడా లేజర్ యంత్రంలో తీసినవైతే మంచిది. ఇంక్‌జెట్ రంగు తడి జిగురు తగలగానే పాకుతుంది. వార్తాపత్రిక ముక్కలు, మీ పత్రికవైనా సరే, ఎండ తగిలే గోడకు పనికిరావు. ఆ చవక కాగితంలో మిగిలిన లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురుకు పసుపుబారుతుంది.

ఇక గుడ్డ సంగతి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాల ఊరు మనది. ఇంట్లో చిరిగిన జంపఖానా ఒకటి ఉంటే, దాని చారలూ కుచ్చులూ కొలాజ్‌కు ఇచ్చే నిండుదనం ఏ రంగు కాగితమూ ఇవ్వలేదు. అయితే దాన్ని కత్తిరిస్తే పోగులు ఊడి వస్తాయి. ముందుగా వెనుకవైపు చెక్క జిగురును పలుచగా పూసి, పూర్తిగా ఆరిన తరువాతే కత్తెర పెట్టాలి. అతికించేటప్పుడు మాత్రం అదే జిగురును నీళ్లు కలపకుండా వాడాలి; కాగితానికైతే కొద్దిగా నీళ్లు కలిపి పలుచన చేసుకోవచ్చు. పెంబర్తి పనివంటి ఇత్తడి రేకు ముక్కలేమైనా ఉంటే, నున్నని లోహాన్ని ఈ జిగురు పట్టుకోదు కనుక, రేకుకూ చెక్కకూ సన్నని రంధ్రాలు వేసి తీగతో వెనుకకు బిగించడమే నమ్మకమైన పద్ధతి. బరువైనవి కింది భాగంలో ఉంచి, పటాన్ని ఒక మేకుకు కాక రెండింటికి తగిలించాలి. గోడకూ పటానికీ మధ్య వేలెడు సందు ఉండేలా వెనుక మూలల్లో చిన్న చెక్కముక్కలు పెడితే గాలి ఆడుతుంది.

ఆ విధంగా రెండోసారి చేసిన పటం మా ముందు గదిలో ఆరు వానాకాలాలు చూసింది. మీ వ్యాసం చదివి ఈ సెలవులలో కత్తెర పట్టబోయేవారు ఇంట్లో మిగిలిన ఒక్కగానొక్క ఫోటోను మైదాకు అప్పగించకముందే, ఈ లేఖను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
ఒక పాఠకురాలు,
హనుమకొండ