ఊరికే పక్కన నిలబడినా ముద్దాయే

నాయనా,

మీ అమ్మ చెప్పింది, నీ రూమ్మేట్‌ను ఎవరో కొట్టినారని ఆదివారం మీరు పదిమంది వాళ్లను అడిగేదానికి పోతాండారంట, "నేను కొట్టనులేమ్మా, ఊరికే పోతాండా" అన్నావంట. అది వినినప్పటి నుంచి నాకు నిద్ర పట్టలే.

ఇన్నేళ్లుగా కడప కోర్టులో వకీలు గుమస్తాగా ఉండా కదా, "ఊరికే పోయినా సార్" అనే మాట విన్నన్ని సార్లు నేను ఇంకో మాట వినలే. రాడ్డుతో కొట్టేది ఏ1, అంటే మొదటి ముద్దాయి, ఒకడే, ఏ2 నుంచి ఏ8 దాకా బండి తోలినోళ్లు, పక్కన నిలబడినోళ్లు, కానీ ఎఫ్ఐఆర్‌లో అందరికీ అదే సెక్షన్. ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో ఒకే ఉద్దేశంతో గుంపుగా పోతే ఆ పనిలో ఒకడు చేసింది అందరూ చేసినట్టే లెక్క. తలకు గట్టి దెబ్బ తగిలిందంటే హత్యాయత్నం పెడతారు, పాత ఐపీసీలో 307, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్‌ (భారతీయ న్యాయ సంహిత)లో 109 అయింది, నంబరే మారింది, శిక్ష పదేళ్ల దాకా, ఎదుటోనికి గాయమైతే యావజ్జీవం కూడా పడొచ్చు. ఏ ఉద్దేశం లేకుండా చూస్తా నిలబడినోనికి శిక్ష వెయ్యమని చట్టం చెప్పదు, నిజమే, కానీ అది తేలేది ట్రయల్లో, దానికి ఏండ్లు పడతాది, అరెస్టు మాత్రం ముందే అయిపోతాది.

పోయిన నెల ఒకామె కోర్టు మెట్ల కాడ ప్లాస్టిక్ కవర్లో రెండు జతల బట్టలు, పేస్టు పెట్టుకుని నిలబడింది, కొడుకుని ఎస్కార్టు వ్యాన్ ఎక్కిస్తాంటే వాడు జాలీలోంచి "అమ్మా, హాల్ టికెట్ రూంలో పరుపు కింద ఉండాది" అని అరిచినాడు, అప్పటికి ఇంక రెండు దినాల్లో వానికి పరీక్ష. రిమాండ్‌లో ఉండి పరీక్ష యాడ రాస్తాడు చెప్పు? బెయిలొచ్చినా షూరిటీలకు, అంటే జామీను ఉండేటోళ్ల కోసం, ఇంటి పన్ను రసీదులు పట్టుకుని తిరగాల, వారం వారం స్టేషన్లో సంతకం, వాయిదాలు. పెద్దమనుషుల్లో రాజీ అయిపోతే చాలనుకుంటారు గానీ 109 రాజీకి వచ్చే కేసు కాదు, కొట్టెయ్యమని హైకోర్టుకు పోవాల. కేసు నడిచినన్నాళ్లూ పాస్‌పోర్టుకు తిప్పలే, గవర్నమెంటు ఉద్యోగమొస్తే అటెస్టేషన్ ఫారంలో కేసు సంగతి రాయాల, దాచిపెడితే వచ్చిన ఉద్యోగం కూడా పోవచ్చు.

ఇవన్నీ తెల్సి నువ్వు పోతానంటే నేనెట్లా ఊరుకుంటా రా. స్నేహితుని కోసం నీ మనసు ఎంత మండుతాందో నాకు అర్థమైతాది, వాణ్ని వదిలెయ్యమని చెప్పట్లే. ముందు గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకపో, గాయాలన్నీ రికార్డులో ఎక్కనీ, ఆ కాగితమే మీకు బలం. తర్వాత స్టేషన్లో రిపోర్టు ఇయ్యండి, ఇప్పుడు యాడ జరిగిందైనా ఏ స్టేషన్లోనైనా తీసుకోవాల, జీరో ఎఫ్ఐఆర్ అంటారు. రిపోర్టు నేను దగ్గరుండి రాయిస్తా, శనివారం రాత్రి బస్సుకే ఇద్దరూ రండి.

ఒకవేళ ఇప్పటికే ఏమన్నా జరిగి స్టేషన్ నుంచి ఫోనొస్తే పారిపోవద్దు, ఒక్కడివే పోవద్దు, ముందు నాకు చెప్పు, వకీలును తోడు పంపిస్తా. పోలీసులు రాసుకునే స్టేట్‌మెంట్ కింద నువ్వు సంతకం పెట్టాల్సిన పని లేదు. అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాల, ఇంట్లో వాళ్లకు తెలపాల, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందర పెట్టాల. వకీలుకు డబ్బుల్లేని నీ స్నేహితులుంటే 15100కు ఫోన్ చెయ్యమను, లీగల్ సర్వీసెస్ వాళ్లు ఫ్రీగా వకీలును ఇస్తారు.

ఇది చదివినాక వెంటనే ఫోన్ చెయ్, నేను కోర్టు హాల్లో ఉన్నా బయటికొచ్చి ఎత్తుతా.

మీ నాయన