ఆవిరి ఇచ్చే ముందు నీళ్లు పట్టి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మా అల్లుడికి పాత మోటారు ఒకటి కావాలంటే తోడుగా రేణిగుంట రోడ్డులో సెకండ్ హ్యాండ్ యంత్రాలు అమ్మే ఒక యార్డుకు వెళ్లాను. షెడ్డు వెనక చింతచెట్టు కింద నాలుగు డ్రయ్యర్ సిలిండర్లు కనిపించాయి. పేపర్ మిషన్‌లో కాగితాన్ని ఆరబెట్టేవి. ఒక్కొక్కటి ఐదడుగుల వ్యాసం, పదడుగుల పొడవు. ఒంటికి గ్రీజు పూసి, రెండు పక్కల మూతలకు కొత్తగా అల్యూమినియం పెయింటు కొట్టి లారీ కోసం ఉంచారు. మోటారు సంగతి అల్లుడికి వదిలేసి నేను అక్కడే ఉండిపోయాను.

తమిళనాడు వైపు ఒక క్రాఫ్ట్ పేపర్ మిల్లులో 27 ఏళ్లు డ్రయ్యర్ సెక్షన్‌లోనే పనిచేశాను. అట్టపెట్టెల కాగితం చేసేవాళ్లం. అందుకే చేయి ఊరుకోలేదు. మూత మీద నేమ్ ప్లేటు ఉండాల్సిన చోట తడిమితే పెయింటు కింద నాలుగు రివిట్ రంధ్రాలు తగిలాయి, ప్లేటు లేదు. ఎప్పుడు పోతపోశారో, ఎంత ప్రెషర్‌కు చేశారో రాసి ఉండేది దాని మీదే. సెల్‌ఫోన్ లైటు వేసి మ్యాన్‌హోల్‌లోంచి లోపలికి చూశాను. మూడోదాంట్లో, లోపల చేరే నీటిని బయటికి లాగే సైఫన్ పైపు విరిగిపోయి మొదలు మాత్రమే మిగిలింది. అక్కడ పనిచేసే కుర్రాడిని, టెస్ట్ చేశారా నాయనా అని అడిగాను. "దానికేముంది పెద్దాయనా, స్టీమ్ పెడితే తెలిసిపోతుంది కదా, లీకుంటే" అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. చూడటానికి అది రోలర్ లాగే ఉంటుంది. కానీ అది లోపల ఒత్తిడితో ఆవిరిని పట్టి ఉంచే పాత్ర, దొర్లే బాయిలర్ అనుకోండి. మూడు కిలోల ప్రెషర్ అంటే వినడానికి చిన్నదే. అప్పుడు లోపలి ఆవిరి దాదాపు 143 డిగ్రీల వేడి మీద ఉంటుంది. ఐదడుగుల మూత మీద చదరపు సెంటీమీటరుకు మూడు కిలోల చొప్పున లెక్క కట్టి చూడండి, ఒక్కో మూతను బయటికి తోసే బలం 50 టన్నులు దాటుతుంది. దాన్ని ఆపేది మూత చుట్టూ ఉన్న బోల్టులు, అంగుళం పైచిలుకు మందం ఉన్న పోత ఇనుము. పోత ఇనుము వంగి, సాగి ముందుగా హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది. ఎముక విరిగితే మా పుత్తూరులో కట్టు కడతారు. ఇది పగిలితే నమ్మదగినట్టు వెల్డింగ్ కూడా పట్టదు.

మీరు ఈ ఉత్తరం వేస్తే, వేసేది కూడా ఇలాంటి సిలిండర్ల మీద ఆరిన కాగితం మీదే. గుజ్జు మిషన్ వైరు మీద, అంటే నీళ్లు కారిపోయే జల్లెడ మీద పడేటప్పుడు అందులో నూటికి 99 పాళ్లు నీళ్లే. ప్రెస్ రోళ్ల మధ్య పిండేసినా ఇంకా సగానికి పైగా నీళ్లే ఉంటాయి. ఆ మిగిలిన తడిని ఆర్చేది డ్రయ్యర్లు. మన ఇళ్లలో గోడకు తగిలించే స్వామివారి క్యాలెండర్ కాగితం అంత నునుపుగా మెరుస్తుందంటే అది కూడా రోళ్ల పనే, ఆ రోళ్ల పేరు కూడా క్యాలెండరే. కొన్నింటికి లోపల రంధ్రాలు తొలిచి వేడి నూనె పారిస్తారు, 200 డిగ్రీల దాకా కాలుతాయి. వాటి మీద నేను పనిచేయలేదు, నాకు తెలిసింది ఆవిరి సిలిండర్లే.

సైఫన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా జీవితంలో జరిగిన ప్రమాదం అక్కడే మొదలైంది. కిలో ఆవిరి నీరుగా మారేటప్పుడు 500 కిలో క్యాలరీలకు పైగా వేడి వదులుతుంది. కాగితాన్ని ఆర్చేది ఆ వేడే. వేడి వదిలిన నీటిని ఎప్పటికప్పుడు సైఫన్ పైపు బయటికి లాగేయాలి. లాగకపోతే స్లో స్పీడులో నీళ్లు అడుగున చెరువులా నిలుస్తాయి. స్పీడు పెరిగితే లోపలి గోడంతా చుట్టుకుని తిరుగుతాయి. ఆ నీటి పొర అడ్డుపడి వేడి బయటికి రాదు. కాగితం తడిగా వస్తుంది, బరువుకు మోటారు ఆంపియర్లు పెరుగుతాయి. ఈ రెండూ కలిసి కనిపిస్తే స్టీమ్ కట్టేసి, మిషన్ ఆపి, లోపల చూడాలి.

1998లో ఒక నైట్ షిఫ్టులో మాకు ఏడో నంబరు సిలిండర్ దగ్గర ఈ రెండూ కనిపించాయి. ఆపుదామని నేను అన్నాను. ఆర్డరు అర్జెంటు, ప్రెషర్ పెంచు అన్నారు పైవాళ్లు. పెంచాను. అరగంట కూడా కాలేదు, మ్యాన్‌హోల్ మూత దగ్గర ఆవిరి కారకుండా వేసే గ్యాస్కెట్ తన్నేసింది. తెగిన కాగితం ఏరడానికి ఆ పక్కకు వెళ్లిన హెల్పర్‌కు ఛాతీ నుంచి తొడల దాకా కాలింది. మూడు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు, మళ్లీ మిల్లు గేటు దాటి రాలేదు. వాల్వు తిప్పింది నా చేయే. ఈ ఉత్తరం రాయడానికి అది కూడా ఒక కారణం.

2022 జులై 1న ఒకసారి వాడి పారేసే కొన్ని రకాల ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం వచ్చింది. అట్టపెట్టెలు, కాగితపు సంచులు ఇంకా ఎక్కువగా వాడాలి, అది మంచిదే. చిన్న మిల్లులు కొత్త సిలిండర్లు కొనలేవు, పాతవే కొంటాయి. పాతవి కొనడం తప్పని నేను అనడం లేదు, మా మిల్లులోనూ సగం పాతవే. అడిగేదల్లా ఒకటే, ఆవిరి ఇచ్చే ముందు నీళ్లతో టెస్ట్ చేయించండి. లోపలి గాలంతా పోయేలా నిండా నీళ్లు పట్టి, చేతి పంపుతో వాడబోయే ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు ఎక్కించి, గేజ్ ముల్లు దిగకుండా నిలబడుతుందేమో చూస్తారు. నీళ్లతో అయితే పగులు ఉన్నా నీరు కారి ప్రెషర్ పడిపోతుంది. గాలితోనో ఆవిరితోనో అయితే అదే పగులు బాంబు అవుతుంది. కంప్రెసర్ గాలి పట్టి చూసేవాళ్లను కూడా చూశాను, దయచేసి ఆ పని చేయకండి. మందం కూడా కొలిపించండి. ఒళ్లు గరుకెక్కిన ప్రతిసారీ గ్రైండింగ్ చేస్తారు, చేసినప్పుడల్లా ఇనుము కొంత పోతుంది. పలచబడిన సిలిండర్‌కు ప్రెషర్ కూడా తగ్గించాలి. ప్లేటు మీద ఉన్న పాత అంకె అప్పుడు చెల్లదు. ఇక్కడ ప్లేటే లేదు.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 31వ సెక్షన్ ఉండేది, ఒత్తిడితో నడిచే పరికరాల్లో సురక్షితమైన ప్రెషర్ దాటకుండా చూడాలని. అంటే ఇది నా చాదస్తం కాదు. ఫ్యాక్టరీల తనిఖీ అధికారులు మిల్లులతో పాటు ఇలాంటి యార్డులు కూడా ఒకసారి చూడాలని కోరుతున్నాను. తిరుపతి, చిత్తూరు ఐటీఐలలో ఫిట్టర్ పిల్లలకు ఒక్క పూట ఈ పాఠం చెప్పనిస్తే సొంత ఖర్చులతో వస్తాను.

ఆ నాలుగు సిలిండర్లు ఏ మిల్లుకు వెళ్తున్నాయని అడిగితే యార్డువాళ్లు చెప్పలేదు. కొన్నవాళ్లు ఈ పత్రిక చదివితే, మూడోదానికి సైఫన్ లేదు. రెండోదానికి మ్యాన్‌హోల్ పక్కన జానెడు గీత ఒకటి ఉంది. గోరు పెట్టి లాగితే గోరు పట్టింది. అక్కడ పెయింటు గీకేసి కిరోసిన్ రాయండి. పావుగంట ఆగి, శుభ్రంగా తుడిచి, సుద్ద పూయండి. తెల్లటి సుద్ద మీద తడి గీత తేలిందంటే అది పగులే, దాన్ని లారీ మీద నుంచి దించకండి.

ఇట్లు,
రిటైర్డ్ డ్రయ్యర్ ఆపరేటర్,
పుత్తూరు, తిరుపతి జిల్లా